ముందు ఇంకో ప్రాక్సీ ఉన్నా హెచ్‌ఏప్రాక్సీ సెషన్ నిలబెడుతుందా?

నిలబెడుతుంది, కుకీతో (బ్రౌజర్ దాచుకుని ప్రతిసారీ తిరిగి పంపే చిన్న గుర్తు) కట్టినంతవరకు. ఐపీని నమ్ముకుంటే మాత్రం వచ్చే ట్రాఫిక్‌ని అనేక సర్వర్లకి పంచే ఈ లోడ్ బ్యాలెన్సర్ మంచితనమంతా వృథా. విల్లీ టారో 2001లో బయటపెట్టిన హెచ్‌ఏప్రాక్సీ ఉచితం, ఓపెన్ సోర్స్, ఏళ్ళ తరబడి భారీ ట్రాఫిక్ మోసిన సరుకు. దాని వేగం గురించి చాలామంది రాశారు. ఇక్కడ చూసేది ఒక్కటే: ముందు సీడీఎన్‌గానీ (కంటెంట్‌ని యూజర్‌కి దగ్గరి సర్వర్ల నుంచి అందించే నెట్‌వర్క్) రివర్స్ ప్రాక్సీగానీ (సర్వర్ల తరఫున రిక్వెస్టులు అందుకునే మధ్యవర్తి) ఉన్నప్పుడు యూజర్ మొదట వెళ్ళిన సర్వర్‌కే మళ్ళీ వెళ్తున్నాడా లేదా.

చాలా సెటప్‌లలో కనిపించేది 'బ్యాలెన్స్ సోర్స్', అంటే వచ్చిన ఐపీని బట్టి సర్వర్‌ని ఎంచుకోవడం. యూజర్ నేరుగా వస్తే పరవాలేదు. ముందు ప్రాక్సీ పెట్టగానే హెచ్‌ఏప్రాక్సీకి కనిపించే సోర్స్ ఐపీ ఆ ప్రాక్సీదే. ప్రాక్సీ ఒక్కటే అయితే లోడంతా ఒకే సర్వర్ మీద పడి మిగతావి ఖాళీగా ఉంటాయి. సీడీఎన్ అయితే ఒకే యూజర్ రిక్వెస్టులు వేర్వేరు ఎడ్జ్ (సీడీఎన్ అంచు సర్వర్ల) ఐపీల నుంచి వస్తాయి కాబట్టి లాగిన్ ఒక సర్వర్‌లో, కార్ట్ ఇంకో సర్వర్‌లో. పైగా మామూలు హ్యాష్‌లో (ఐపీ నుంచి సర్వర్‌ని లెక్కగట్టే పద్ధతి) ఒక సర్వర్ పడిపోతే దాని యూజర్లే కాదు, మిగతావాళ్ళలో కూడా చాలామంది చోటు మారతారు. అది తగ్గాలంటే 'హ్యాష్-టైప్ కన్సిస్టెంట్' పెట్టాలి.

అసలు ఐపీని వెనక్కి రాబట్టుకోడానికి రెండు దారులున్నాయి. మొదటిది ప్రాక్సీ ప్రోటోకాల్ (ముందున్న ప్రాక్సీ అసలు ఐపీని కనెక్షన్ మొదట్లోనే హెడర్‌గా చెప్పే పద్ధతి): కనెక్షన్లు అందుకునే బైండ్ వరుసలో 'యాక్సెప్ట్-ప్రాక్సీ'. ఇది రెండు వైపులా ఒకేసారి ఆన్ అవ్వాలి. ముందున్నది హెడర్ పంపుతుంటే ఇటు యాక్సెప్ట్ లేకపోతే 400 ఎర్రర్. ఇటు పెట్టి అటు పంపకపోతే కనెక్షనే తెగిపోతుంది, హెడర్ లేకుండా వచ్చే హెల్త్ చెక్‌లు (బతికుందా అని చూసే పరీక్షలు) కూడా ఫెయిలే. రెండోది 'హెచ్‌టీటీపీ-రిక్వెస్ట్ సెట్-ఎస్ఆర్‌సీ': ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌లో (దారిలోని ప్రాక్సీలు ఐపీలు చేరుస్తూ పోయేది) చివరి విలువ, అంటే స్థానం -1 తీసుకోవాలి. ముందు రెండు ప్రాక్సీలుంటే -2. మొదటి విలువ ఎప్పుడూ తీసుకోకండి, దాన్ని క్లయింటే ఇష్టమొచ్చినట్టు రాసి పంపగలడు. ఈ రూల్ మీ ప్రాక్సీ ఐపీల నుంచి వచ్చినప్పుడే పనిచేసేలా షరతు కూడా పెట్టాలి.

ఇంత చేసినా ఐపీ ఐపీయే. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీ వెనక వేలమంది ఉంటారు, వైఫై నుంచి డేటాకి మారితే అది కూడా మారిపోతుంది. అందుకే వెబ్ సైట్లకి నా ఓటు కుకీకే: బ్యాకెండ్‌లో (సర్వర్ల జాబితా ఉండే సెక్షన్) 'కుకీ సర్వర్‌ఐడీ ఇన్సర్ట్ ఇండైరెక్ట్ నోకాష్', ప్రతి సర్వర్ వరుస చివర దాని కుకీ విలువ. ఒక్క వరుసలో విలువ మర్చిపోయినా ఆ సర్వర్‌కి వెళ్ళినవాళ్ళకి కుకీ అందదు. 'నోకాష్' చిన్న మాటే కానీ ప్రాణం అందులోనే ఉంది. కుకీ పెట్టే రెస్పాన్స్‌ని కాష్ చెయ్యొద్దని అది ముందున్న ప్రాక్సీకి చెబుతుంది. అది లేకపోతే ఒకరికి ఇచ్చిన కుకీ కాష్‌లో చేరి వందమందికి అందుతుంది, అందరూ ఒకే సర్వర్‌కి పోతారు. ఇదంతా హెచ్‌టీటీపీ మోడ్‌లోనే. టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) విప్పకుండా టీసీపీ మోడ్‌లో దాటిస్తే కుకీ కనపడదు.

ఇక ఈ సాఫ్ట్‌వేర్‌కి నేను పూర్తి మార్కులు వేసేది లాగ్‌కి. 'ఆప్షన్ హెచ్‌టీటీపీలాగ్' పెడితే ప్రతి వరుసలో నాలుగక్షరాల ముగింపు కోడ్ ఉంటుంది. మూడో అక్షరం క్లయింట్ తెచ్చిన కుకీ సంగతి, నాలుగోది మనం ఏం చేశామన్నది. ఆరోగ్యంగా ఉంటే మొదటి రిక్వెస్ట్‌కి '--ఎన్ఐ' (కుకీ లేదు, పెట్టాం), తర్వాత అన్నిటికీ '--వీఎన్' (సరైన కుకీ వచ్చింది, కొత్తది పెట్టలేదు). అదే క్లయింట్‌కి 'ఎన్ఐ' పదేపదే వస్తుంటే కుకీ తిరిగి రావడం లేదు: ముందున్న ప్రాక్సీ తీసేస్తోంది, లేదా 'సెక్యూర్' పెట్టి సైట్‌ని ఉత్త హెచ్‌టీటీపీలో తెరుస్తున్నారు. 'ఐఐ' అంటే కుకీ ఉంది కానీ ఆ విలువ ఏ సర్వర్‌కీ చెందదు. రెండు హెచ్‌ఏప్రాక్సీలు నడిపే చోట కుకీ విలువలు రెండింటిలో తేడాగా రాస్తే ఇదే వస్తుంది. 'డీఐ' అంటే ఆ సర్వర్ డౌన్‌లో ఉంది, హెల్త్ చెక్ చూడండి. 'వీఎన్' వస్తున్నా యూజర్ లాగౌట్ అవుతుంటే బ్యాలెన్సర్‌ని వదిలేసి అప్లికేషన్ వైపు వెళ్ళండి. ముందు కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్ పంపే టూల్) నేరుగా హెచ్‌ఏప్రాక్సీకి, తర్వాత ప్రాక్సీ గుండా, కుకీ ఫైల్ పెట్టి రెండేసిసార్లు కొట్టి చూస్తే తేడా ఎక్కడ మొదలవుతుందో తేలిపోతుంది.

కుకీ కలపడం ఇష్టంలేనివాళ్ళకి స్టిక్ టేబుల్ (ఎవరు ఏ సర్వర్‌కి అన్నది మెమరీలో రాసుకునే పట్టిక) ఉంది: సర్వర్ ఇచ్చే జేసెషన్‌ఐడీని (జావా అప్లికేషన్ల సెషన్ గుర్తు) గుర్తుపెట్టుకుని పంపుతుంది. 32 అక్షరాల కీతో 200కె ఎంట్రీలకి దాదాపు 16 ఎంబీ మెమరీ, పెద్ద ఖర్చేం కాదు. లోటు ఏమిటంటే 'పీర్స్' సెక్షన్ (టేబుల్‌ని పంచుకునే హెచ్‌ఏప్రాక్సీల జాబితా) రాయకపోతే రీలోడ్ చేసిన ప్రతిసారీ టేబుల్ ఖాళీ. కాన్ఫిగ్‌లో ఒక్క అక్షరం మార్చి రీలోడ్ కొట్టినా సెషన్లు పోతాయి. ఒకే మెషీన్ అయినా దాన్నే లోకల్ పీర్‌గా రాసుకుంటే పాత ప్రాసెస్ కొత్తదానికి టేబుల్ అప్పగిస్తుంది. ఈ ముక్క డాక్యుమెంటేషన్‌లో ఉంది, కానీ వెతుక్కుంటేగానీ దొరకదు. కొత్తగా వచ్చేవాళ్ళకి అదే పెద్ద కష్టం.

ఎన్‌జిన్‌ఎక్స్ (ఇంకో వెబ్ సర్వర్, ప్రాక్సీ) 'ఐపీ_హ్యాష్'తో పోల్చేవాళ్ళు ఒకటి గమనించాలి: అది ఐపీవీ4లో మొదటి మూడు భాగాలనే చూస్తుంది, కాబట్టి ముందు రియల్ ఐపీ సరిచేయకపోతే అక్కడా ఇదే గొడవ.

మెయింటెనెన్స్‌కి సర్వర్‌ని తీసేటప్పుడు నేరుగా 'మెయింట్' కొట్టకుండా ముందు 'డ్రెయిన్' పెట్టండి. కుకీ ఉన్నవాళ్ళు పని పూర్తిచేసుకునేదాకా అక్కడే ఉంటారు, కొత్తవాళ్ళు పక్క సర్వర్లకి వెళ్తారు. 'ఆప్షన్ రీడిస్పాచ్' కూడా ఉంచండి, పడిపోయిన సర్వర్ కుకీ పట్టుకొచ్చినవాళ్ళు ఎర్రర్ చూడకుండా ఇంకోచోటికి చేరతారు. వాళ్ళ సెషన్ మాత్రం వెంట రాదు. అది కూడా కావాలంటే సెషన్‌ని రెడిస్ లాంటి ఉమ్మడి చోట దాచాల్సిందే, ఆ పని హెచ్‌ఏప్రాక్సీది కాదు.