ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్న ఆరేళ్లకు

మాది అమలాపురం దగ్గర పల్లె. యాభై ఆరో ఏట, 2019 జనవరిలో, విశాఖపట్నంలో ఫేస్‌లిఫ్ట్, అంటే జారిన ముఖాన్నీ మెడనూ బిగించే ఆపరేషన్, చేయించుకున్నాను. మే నెల ఉక్కపోతలో ముఖానికి కట్టు భరించలేనని చలికాలం ఎంచుకున్నాను. అది మంచి నిర్ణయమే.

చర్మాన్ని లాగి కుట్టడమే ఈ ఆపరేషన్ అనుకునేదాన్ని. చర్మాన్ని మాత్రమే లాగితే త్వరలోనే మళ్లీ సాగుతుందనీ, మచ్చలు కూడా వెడల్పవుతాయనీ, అందుకే దాని కింద ఉండే స్మాస్ అనే పొరను పైకెత్తి బిగించి, ఆపైన చర్మాన్ని సర్ది, మిగిలినది కత్తిరిస్తారనీ సర్జన్ అద్దం ముందు కూర్చోబెట్టి వివరించారు. కోత కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందుగా దిగి, తమ్మె చుట్టూ తిరిగి వెనక జుట్టులోకి పోతుంది.

పొగ చర్మానికి రక్తం సరిగా అందనివ్వదు, కుట్ల అంచులు నల్లబడి చచ్చిపోవచ్చు. ఇంట్లో లంక పొగాకు చుట్ట వాసన మామూలు కనుక, మావారు ముందూ వెనకా నెల రోజులు చుట్ట మానేశారు.

ఆపరేషన్‌కు నాలుగు గంటలు పట్టింది. నొప్పి అనుకున్నంత లేదు, బిగుతే ఎక్కువ. పది రోజుల్లో పెళ్లిళ్లకు వెళ్లవచ్చన్న ఆసుపత్రి కౌన్సెలర్ మాట నమ్మి మేనకోడలి పెళ్లికి చీర కొనుక్కున్నాను; పదకొండో రోజుకు కమిలిన రంగు మెడ మీదికి దిగి పసుపుపచ్చగా కనబడుతుంటే వెళ్లలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది.

ఎవరూ గట్టిగా చెప్పనిది తిమ్మిరి. బుట్టలు పెట్టుకుంటే శీల తమ్మెలో దిగిందో లేదో తెలిసేది కాదు. ఒకసారి వేలికి రక్తం అంటాకే గుచ్చుకుందని తెలిసింది. కుడివైపు పది నెలలకు స్పర్శ వచ్చింది, ఎడమ తమ్మె అంచుకు నేటికీ రాలేదు.

దవడ గీత, మెడ ఇప్పటికీ బాగున్నాయి, కాస్త జారడం మొదలైనా. పై పెదవి గీతలు, నుదురు, కనురెప్పలు మాత్రం ఈ ఆపరేషన్‌తో మారవు. మచ్చల ఎరుపు తగ్గడానికి ఏడాది పట్టింది, అన్నాళ్లూ గొడుగు లేకుండా ఎండలోకి వెళ్లలేదు.

కోనసీమ నుంచి వెళ్లేవారు మర్నాడే కారెక్కి ఇంటికి రావద్దు. చర్మం కింద రక్తం గడ్డకట్టడం ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది, బీపీ ఉన్నవారికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అప్పుడు వెంటనే తెరిచి తీయగల సర్జన్ దగ్గరలో ఉండాలి. నేను కుట్లు విప్పేదాకా విశాఖలో మా చెల్లెలి ఇంట్లోనే ఉన్నాను.