పిల్లికి ఫ్రంట్‌లైన్ ప్లస్: మూడు నెలల వాడకం తర్వాత

మా పిల్లి మెడ దగ్గర సన్నపళ్ల దువ్వెనతో దువ్వితే రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్లగుడ్డపై వేశాను. కాసేపటికే వాటి చుట్టూ ఎర్రటి మరక వ్యాపించింది. అది మట్టి కాదు, రక్తం తాగిన ఫ్లీ పురుగుల మలం.

మొదట వెళ్లిన ఒక దుకాణంలో కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందునే సగం వేయమన్నారు. పెర్మెత్రిన్ పిల్లుల ప్రాణం తీయగల విషం కాబట్టి ఈ సలహాను ఎవరూ పాటించవద్దని వేడుకుంటున్నాను.

పశువైద్యురాలు సూచించిన ఫ్రంట్‌లైన్ ప్లస్ అనే ఫ్లీ మందులో, పిల్లుల కోసం తయారైన 0.5 మి.లీ. గొట్టాన్నే కొన్నాను. పిల్లి నాలుకకు అందకుండా, మెడ వెనుక వెంట్రుకలను పాయ తీసి, మందును నేరుగా చర్మంపై వేయాలి. ఇందులోని ఫిప్రోనిల్ పెద్ద పురుగులను చంపితే, ఎస్-మెథోప్రీన్ గుడ్లు, లార్వాలు ఎదగకుండా అడ్డుకుంటుంది. ఎనిమిది వారాలు నిండని కూనలకు ఇది పనికిరాదు. వేసిన చోట వెంట్రుకలు రెండు రోజులు జిడ్డుగా ఉండడం ఒక్కటే నాకు కనిపించిన లోపం.

రెండో వారంలో మళ్లీ పురుగులు కనిపించి నేను కంగారుపడ్డాను గానీ, అది మందు లోపం కాదు. గూళ్లలో దాగిన ప్యూపాలను, అంటే లార్వాకూ పెద్ద పురుగుకూ మధ్య దశలో ఉన్నవాటిని, ఏ మందూ సులభంగా తాకలేదు, అవి వారాల తరబడి ఒక్కొక్కటిగా బయటపడుతూనే ఉంటాయి. అందువల్ల పిల్లి పడుకునే దుప్పట్లను వారానికోసారి వేడినీళ్లలో ఉతికి, సోఫా సందులను, మంచం కింద నేలను వాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేసి, ఆ చెత్తను వెంటనే బయట పారేశాను. నెలకొకటి చొప్పున మూడో గొట్టం వేశాక దువ్వెనకు నలుసు కూడా అంటలేదు.