పాండోరా పక్షాన: ‘అవతార్’ మూడు భాగాలతో ఇన్నేళ్ల పరిచయం

జేమ్స్ కామెరాన్ తీసిన ‘అవతార్’ చిత్రాలు మూడింటిలోనూ యుద్ధాలకే ఎక్కువ నిడివి దక్కింది కానీ, ఇన్నేళ్లుగా వాటిని మళ్లీ మళ్లీ చూస్తూ వచ్చిన నాకు మాత్రం ఈ వరుసలో అసలైన పాత్ర కథ జరిగే పాండోరా నేలే. 2009 డిసెంబరులో మొదటి భాగాన్ని కాకినాడలో పెద్ద తెర మీద చూశాను. ఆ తరువాత డీవీడీలోనూ, 2022లో తిరిగి విడుదలైనప్పుడు హాలులోనూ చూశాను. ఇప్పుడు అమలాపురంలోని మా ఇంట్లో సెలవులకు పిల్లలు చేరినప్పుడల్లా ఎవరో ఒకరు పెట్టమంటూనే ఉంటారు. ఇన్నిసార్లు చూసిన తరువాత మిగిలినవీ, వెలిసిపోయినవీ ఏమిటన్నదే ఈ సమీక్ష.

కచ్చితంగా చెప్పాలంటే పాండోరా గ్రహం కాదు. ఆల్ఫా సెంటారీ నక్షత్ర మండలంలో పాలిఫీమస్ అనే వాయు గ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహం. కిలో 2 కోట్ల డాలర్లు పలికే ఒక ఖనిజం కోసం మనుషులు ఆరేళ్లకు దగ్గరగా నిద్రావస్థలో ప్రయాణించి అక్కడికి చేరుకుంటారు. ఆ ఖనిజపు గొప్ప నిల్వ అక్కడి స్థానికులైన నావీ జాతివారు నివసించే మహావృక్షం కిందనే ఉంటుంది. ఆపైన జరిగేది ఎవరైనా ఊహించగలిగినదే, అందులో దాపరికమేమీ లేదు.

ఊహకు అందనిది శాస్త్రవేత్త గ్రేస్ అగస్టీన్ కంపెనీ అధికారి ఎదుట చేసే వాదనలో ఉంది. పాండోరా మీద లక్ష కోట్ల చెట్లున్నాయనీ, ఒక్కొక్క చెట్టుకు చుట్టుపక్కల చెట్లతో వేర్ల ద్వారా పదివేల అనుసంధానాలున్నాయనీ, ఆ వల మనిషి మెదడును మించినదనీ ఆమె చెబుతుంది. అవి వట్టి చెట్లేగా అని అధికారి కొట్టిపారేస్తాడు. మన మెదడులోని నాడీకణాలు సుమారు 8,600 కోట్లు కనుక, వాటి మధ్య ఉండే అనుసంధానాలతో పోల్చి చూసినా ఆమె లెక్క నిలుస్తుంది. ఎన్నోసారి చూస్తున్నప్పుడో నాకొక సందేహం కలిగింది: అంత పెద్ద మెదడు ఆలోచించడానికి ఎంతసేపు పడుతుంది? మన నాడుల్లో అతి వేగమైన సంకేతాలు సెకనుకు సుమారు 100 మీటర్లు సాగుతాయి. ఆ వేగంతోనైనా పదివేల కిలోమీటర్లు దాటడానికి ఒక పగలూ రాత్రీ గడిచి, మరికొంత సమయం కూడా కావాలి. మనుషుల పక్షం వదిలి నావీలతో కలిసిన కథానాయకుడు జేక్ యుద్ధానికి ముందు వారి పవిత్ర వృక్షం దగ్గర వేడుకోవడం, ఆ వలలోనే ఉండే నావీల దేవత ఏవా ఎవరి పక్షమూ వహించదనీ, జీవుల మధ్య సమతౌల్యాన్ని మాత్రమే కాపాడుతుందనీ అతని నావీ సహచరి నేయ్‌తిరి చెప్పడం, అంతా ఓడిపోయామనుకున్న వేళకు అడవి మృగాలు కదిలిరావడం – దర్శకుడు ఉద్దేశించాడో లేదో కానీ, ఆ ఆలస్యం ఈ లెక్కకు చక్కగా అతుకుతుంది. మొదటి భాగం నాకు ఇప్పటికీ పాతబడకపోవడానికి కారణం అదే.

తరువాతి భాగాల్లో ఏవా అంత నిదానస్తురాలు కాదు. రెండవ భాగంలో జేక్ పెంపుడు కూతురు కిరి చెయ్యి చాపితే సముద్రపు మొక్కలు శత్రువును చుట్టేస్తాయి, మూడవ భాగంలో ఆ శక్తి ఇంకా పెరుగుతుంది. పిలిస్తే పలికే దేవత ఉన్నప్పుడు ఆ నేలను కాపాడడానికి మనుషులతో పనేముంటుంది? పిల్లలు ఈ ఘట్టాలకే చప్పట్లు కొడతారు, అది వేరే సంగతి.

అయినా రెండవ భాగంలో తిమింగలం లాంటి టుల్కున్ వేట ఒక్కటి చాలు, ఆ సినిమాను క్షమించడానికి. దూడ ఉన్న తల్లి వేగంగా ఈదలేదు గనుక వేటగాళ్లు దానినే ఎంచుకుంటారు. శబ్దాలతో బెదరగొట్టి మంద నుంచి విడదీస్తారు. మునిగిపోకుండా గాలి సంచులు కట్టిన శూలాలు గుచ్చుతారు. చివరకు నోటిలోకి దిగి, అంగిలి గుండా మెదడులోకి గొట్టం దించి, మనుషుల ముసలితనాన్ని ఆపే పసుపు రంగు ద్రవాన్ని ఒక చిన్న సీసాడు తీసుకుంటారు. కొండంత కళేబరాన్ని అక్కడే వదిలేస్తారు. ఈ పనిలో ఎవరికీ కోపం లేదు, ద్వేషం లేదు. రోజువారీ ఉద్యోగం చేసుకుంటున్నారంతే. మూడు చిత్రాల్లోని తుపాకుల మోత కంటే ఈ ప్రశాంతమైన పనితనమే నన్ను ఎక్కువగా భయపెట్టింది.

మా గోదావరి డెల్టాలో ఉంటూ చూసేవారికి ఈ వరుసలో ఒక వెలితి మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నేల కింద ఉన్నదాని కోసం నేల మీద ఉన్నవారు మూల్యం చెల్లించడం మాకు తెలియనిది కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి నుంచి ఎగసిన మంట 65 రోజులపాటు ఆరలేదు, 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ప్రాణాలు పోయాయి. అయితే రొయ్యల చెరువుల సంగతి వేరు. అక్కడ ఆకాశం నుంచి ఎవరూ దిగిరాలేదు. వరి గిట్టక, కౌలు కంటే చెరువు లీజు ఎంతో మెరుగ్గా ఉండి, మా ఇరుగుపొరుగు రైతులే పొలాలు అప్పగించారు. ఒక చేను చెరువైతే పక్క చేలోకి ఉప్పు ఊట దిగుతుంది, నాట్లు ఎర్రబారతాయి, ఒకటి రెండేళ్లు చూసి ఆ రైతు కూడా లీజు కాగితం మీద సంతకం పెడతాడు. పెట్టక ఏం చేస్తాడు? పాండోరాలో అటువంటి రైతు ఒక్కడూ లేడు. మొదటి రెండు భాగాల్లో నావీలందరూ నిష్కల్మషులు, దోచుకునేవారందరూ పరాయివారు.

2025 డిసెంబరులో వచ్చిన మూడవ భాగం ఈ వెలితిని పూడ్చడానికి కొంత ప్రయత్నించింది. అగ్నిపర్వతం తమ నివాసాన్ని బూడిద చేసినప్పుడు ఏవా ఆదుకోలేదన్న కోపంతో ఆమెను వదులుకున్న మాంగ్‌క్వాన్ తెగా, మనుషుల పక్షాన పోరాడే క్వారిచ్‌తో చేతులు కలిపి తుపాకులు అందుకునే ఆ తెగ నాయకురాలు వరాంగ్ – ఈ వరుసలో నాకు అత్యంత ఆసక్తి కలిగించిన మనుషులు వీరే. ఆమె తన ప్రజల కష్టం చెప్పుకునే చోట, ఇప్పుడు కథ నిజంగా చిక్కబడుతుందని ఆశపడ్డాను. ఆ ఆశ ఎంతోసేపు నిలవలేదు. ఆమె ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన సినిమా, ఆమెను క్రూరురాలిగా చూపించి ఆ బాధ్యత నుంచి తప్పించుకుంది.

కొత్తగా చూడదలచినవారు విడుదలైన వరుసలోనే చూడడం మంచిది. మొదటి భాగం ఇంట్లో టీవీ మీద కూడా బాగానే ఉంటుంది. రెండవ భాగపు నీటి దృశ్యాలను త్రీడీలో చూసినవారికి టీవీలో సగం కూడా అందవు, కనుక ఎప్పుడైనా హాలుకు తిరిగివస్తే వదులుకోవద్దు. ఆ భాగానికి తెలుగు మాటలు అవసరాల శ్రీనివాస్ రాశారు. మా ఇంట్లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు కూడా ఎవరినీ ఏమీ అడగకుండా చివరి వరకూ చూశారు. మూడవ భాగాన్ని వరాంగ్ కోసం ఒకసారి చూడవచ్చు, రెండోసారి చూసేటప్పుడు చివరి యుద్ధాన్ని నేను ముందుకు జరిపేస్తున్నాను.