తల్లిపాలు పిండి దాసుకునే ఆ బ్యాగులు కొనకుండ్రి, నా 24 రోజుల కష్టం నేలపాలు చేసినయి

అక్కలు, చెల్లెండ్లు, ఇప్పుడే ఆ దుకాణం నుంచి ఇంటికొచ్చి రాస్తున్న, కోపం ఇంకా దిగలే, తప్పులుంటే సర్దుకోండ్రి. దుకాణం పేరు రాయను, హన్మకొండల చిన్నపిల్లల సామాను కొనేటోళ్లకు ఏదో అర్థమైతది, మీలో సగం మంది పాలు పిండే పంపులు, సీసాలు కొన్నది అక్కడనే, నాకు చెప్పింది గూడ మీరే.

సంగతేందంటే, మా చిన్నోడికి ఐదు నెలలు, నేను డ్యూటీకి రోజూ పరకాల పోయొస్త, పగలంతా మా అత్తమ్మ చూసుకుంటది. హైదరాబాద్‌ల మూడు రోజుల ట్రైనింగు పడ్డది, తప్పదన్నరు. ఈ వయసు పిల్లలు రోజుకు దగ్గర దగ్గర 750 మిల్లీ లీటర్లు తాగుతరని పిల్లల డాక్టరు చెప్తే లెక్కేసుకొని ముందు నుంచే దాచుడు మొదలువెట్టిన. పొద్దుగాల నాలుగింటికి లేవాలె, పిల్లగాడు ఎడమ పక్క తాగుతుంటే కుడి పక్క పంపు పెట్టుకోవాలె, ఇల్లంతా నిద్రల ఉంటది, పంపు ఒక్కటే గుర్రుగుర్రుమంటది. రోజుకు 100 మిల్లీ లీటర్లు, రోజుకో బ్యాగు. నిండా పోయలే, పాలు గడ్డకడితే ఉబ్బుతయి గాబట్టి పైన ఖాళీ ఉంచిన, గాలి తీసేసి జిప్పు రెండుసార్లు వేలితో నొక్కిన, డేటు రాసి డీప్ ఫ్రీజర్‌ల బోర్లా పండుకోబెట్టిన. ఇరవై నాలుగు బ్యాగులు పుస్తకాల లెక్క పేర్చిపెట్టుకొని రోజుకోసారి తలుపు తెరిచి చూసి మురిసిన. బంగారం కొన్నా అంత మురవను.

పోయే ముందు రాత్రి ఎనిమిది బ్యాగులు కింద ఫ్రిజ్జుల పెట్టిన, నెమ్మదిగ కరుగుతయని. బయట పెడితే మన ఎండలకు చెడిపోతయి గదా. తెల్లారి నేను హైదరాబాద్ బండెక్కిన. ఘట్‌కేసర్ దాటలే, మా ఆయన ఫోటో పంపిండు. ఫ్రిజ్జుల నేను కింద పెట్టిన స్టీలు పళ్లెం నిండా పాలు, పళ్లెం అంచు మీదికెళ్లి కారి కింద కూరగాయల డబ్బల పడ్డయి, టమాటలు పాలల్ల తేలుతున్నయి. ఎనిమిదిట్ల ఐదు కారినయి. అత్తమ్మ మంచిగున్నదనుకొని ఒకటి తీసి గోరువెచ్చని నీళ్ల గిన్నెల పెడితే నీళ్లన్నీ బియ్యం కడిగిన నీళ్ల లెక్క అయినయంట, అది గూడ పారబోసింది. గడ్డకట్టి ఉన్నన్ని రోజులు ఏం తెలుస్తది, కరిగినప్పుడే గదా అసలు సంగతి బయటపడేది.

ట్రైనింగు ఒక్కరోజుతోనే వాపస్ వచ్చిన. అక్కడ పంపు చేసుకునేతందుకు జాగ అడిగితే స్టోర్ రూము చూపెట్టిన్రు, విరిగిన కుర్చీల నడుమ కూసున్న, అదింకో పోస్టు రాస్త. వాపస్ వచ్చే బండిల రొమ్ములు రాళ్ల లెక్క గట్టిపడ్డయి, ఇంట్ల పిల్లగానికి డాక్టరు చెప్పిన డబ్బా పాలు కలిపి పట్టిచ్చిన్రు. డబ్బా పాలు తాగితే తప్పని నేను అంటలేను, అవసరం పడితే ఎవరికైనా తప్పదు. కానీ నాలుగింటికి లేచి పిండిన పాలు టమాటల మీద పడ్డంక వేరే డబ్బా తెరవాల్సి వచ్చింది గదా, అది మింగుడు పడుతలేదు.

మిగిలిన పదహారు ఒక్కోటి ఒక్కో గిన్నెల పెట్టి కరిగిచ్చిన. తొమ్మిది కారినయి. గిన్నెల పడ్డయి గదా తాగిపియ్యొచ్చన్నరు ఇంట్ల, నాకు ధైర్యం సాలలే, ఆ అతుకు ఏ రోజు ఇడిసిపోయిందో, ఫ్రీజర్‌ల కోడి మాంసం గూడ ఉండె. ఒక ఖాళీ కొత్త బ్యాగుల నల్లా నీళ్లు పోసి పట్టుకున్న. జిప్పు దగ్గర చుక్క గూడ రాలే. కింద మూలకు, రెండు అతుకులు కలిసేకాడ, ముత్యమంత చుక్క తయారై రాలింది, ఇంకోటి, ఇంకోటి. ఈ పని నేను కొన్న రోజే చెయ్యాల్సింది, పది నిమిషాల పని. బియ్యం కొంటే పిడికిల పోసుకొని చూస్త, చీర కొంటే వెలుగుల పట్టి చూస్త, పిల్లగాని పాలకాడ మాత్రం దుకాణపోడు చెప్పింది ఇన్న. నన్ను నేనే తిట్టుకున్న.

ఇగ అసలు కత. ఆ బ్యాగు పట్టుకొని దుకాణంకు పోయిన. ఓనరే ఉన్నడు. మొదలు, ఎక్కువ పోసి ఉంటరన్నడు. లేదన్న. డేటు రాసిన్రు గదా, పెన్ను మొన పొడుసుకొని ఉంటదన్నడు. పెన్ను అంటని కొత్త బ్యాగు ఆయన ముంగటనే నీళ్లు పోసి చూపెట్టిన, కౌంటరు మీద తడి అయితుంటే గుడ్డతోని తుడుసుకుంట నా మొఖం దిక్కు చూసి ఏమన్నడో తెలుసా? "పాలే గద మేడం, కొన్నయా ఏంది, మల్ల పిండుకుంటే వస్తయి." పక్కకు ఇద్దరు కొనేటోళ్లు ఉన్నరు, ఒకాయన నవ్విండు గూడ. నా నోట మాట రాలే. పాలే గద. హైదరాబాద్ నీలోఫర్ దవాఖానల తల్లిపాల బ్యాంకు ఉన్నది, నెలలు నిండకుండ పుట్టిన పిల్లలకు ఎవరో తల్లులు ఇచ్చిన పాలు కొలిచి పడుతరు. ఈయన లెక్కల అది ప్లాస్టిక్ బ్యాగు కన్న అగ్గువ. బ్యాగుకైనా ఎమ్మార్పీ ఉన్నదయ్యా అనాలనిపిచ్చింది, అప్పుడు యాదికి రాలే, ఆటోల కూసున్నంక యాదికొచ్చింది. ఎప్పుడూ గంతే.

ఆ ఎమ్మార్పీ సంగతి గూడ ఇనుండ్రి. ఇంటికొచ్చి డబ్బ మీది 499 స్టిక్కరు గోరుతోని గీకితే కింద ఏదో చైనా రాత, దాని కింద ఏం లేదు. ఎవరు తయారు చేసిన్రో, మన దేశానికి ఎవరు తెచ్చిన్రో పేరు లేదు, అడ్రసు లేదు, నెల సంవత్సరం లేదు. అవన్నీ ప్యాకెట్ మీద ఉండాల్నని రూలు. కొన్నరోజు అదే కౌంటరు మీద ఉండి పిల్లగాడు ఒకడు "స్పెషల్ బ్యాగు మేడం, పొద్దున పిండింది సాయంత్రం దాకా బయట ఉన్నా ఏం గాదు, తొందర ఉంటే మైక్రోవేవ్ ఓవెన్‌ల గూడ పెట్టుకోవచ్చు" అన్నప్పుడే నాకు అనుమానం రావాలె. బ్యాగు ఏదైనా పిండిన పాలు బయట 25 డిగ్రీల వరకైతే నాలుగు గంటలు, మన దగ్గర ఎండాకాలం ఇంట్లనే 35 దాటుతది, నాలుగు గంటల మాట మర్సిపోండ్రి. ఓవెన్ల పెడితే ఒకకాడ సల్లగ ఒకకాడ సలసల, పిల్లల నోరు కాలుతది. ఆ పిల్లగానికి పెండ్లన్నా అయిందో లేదో, వాడు నాకు పాల సంగతి చెప్పుడు, నేను తలకాయ ఊపుడు.

ఓనరు పైసలు వాపస్ ఇయ్యలే. బిల్లు అడిగితే నాడు రాసిచ్చింది తెల్ల చిట్టి, దాని మీద దుకాణం పేరు గూడ లేదు. ఫోన్‌పే చేసిన గాబట్టి అదొక్కటి రుజువు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టిన, చూద్దాం.

ఇగ కొనేటోళ్లు బ్యాగుల నీళ్లు పోసి మూల కిందికి పట్టి ఒక పది నిమిషాలు చూడుండ్రి, డబ్బ మీద స్టిక్కరు ఉంటే గీకి చూడుండ్రి, చేతి చిట్టి తీసుకోకుండ్రి. పాలు దాసుడు అందరికి తెలిసిందే, ఫ్రిజ్జుల వెనకకు పెడితే నాలుగు రోజులు, తలుపుల పెట్టొద్దు, ఫ్రీజర్ మైనస్ 18 ఉంటే ఆరు నెలలు మంచిగుంటయి, సింగిల్ డోరు ఫ్రిజ్జుల పైన ఉండే చిన్న గడి మీద అన్ని రోజులు నమ్మకం పెట్టుకోకుండ్రి, కరెంటు పోతే మొదలు అదే కరుగుతది. ఫ్రిజ్జుల కరిగిచ్చినయి 24 గంటలల్ల తాగిపియ్యాలె, మల్ల గడ్డకట్టియ్యొద్దు. ఆఁ, ఇంకోటి, కరిగిన పాలు సబ్బు వాసన వస్తే చెడిపోయినయనుకోకుండ్రి, కొందరి పాలల్ల లైపేస్ అనే కొవ్వును విడగొట్టే ఎంజైమ్ ఎక్కువ పనిచేసి అట్ల వస్తది. పుల్లగ వాసనొస్తేనే పారబొయ్యాలె. మా అత్తమ్మ మంచిగున్న బ్యాగు గూడ ఒకటి అట్లనే పారబోసింది, పాపం ఆమెకేం తెలుసు, చెప్పాల్సింది నేను.

మిగిలిన ఖాళీ బ్యాగులల్ల అత్తమ్మ కొత్తిమీర పెట్టుకున్నది. నేను ఇగ బ్యాగుల జోలికి పోను, గాజు సీసాలు తీసుకుందామనుకుంటున్న. ఫ్రీజర్‌ల పెడితే పగలనివి ఎవరన్నా వాడుతున్నరా, మూత దగ్గర కారుతయా, జర చెప్పుండ్రి.