గురువారం పుస్తకాల బండి: మూడేళ్ళకు పైగా వాడిన తర్వాత

పుస్తకాలతో పాటు ఇంటర్నెట్ కూడా మోసుకుని ఊరికి వచ్చే ఈ సంచార గ్రంథాలయం బండి గురించి వినగానే చాలామంది ఇంటర్నెట్ వేగం ఎంత, కంప్యూటర్లు ఎన్ని అని అడుగుతారు. నేను ముందు చెప్పేది వేరే సంగతి. నెలలో మొదటి గురువారం, మూడో గురువారం మధ్యాహ్నం మూడున్నరకు మా కరకట్ట మీద రావిచెట్టు కింద బండి ఆగుతుంది. ఆరు గంటలకు బయలుదేరుతుంది. వస్తానన్న రోజున వస్తుంది. 2022 జూన్ నుంచి దీన్ని వాడుతున్నాను. ఇన్నాళ్ళ తర్వాత ఈ సేవలో అన్నిటికన్నా విలువైనదిగా నాకు కనిపించింది ఇదే.

మాది బాపట్ల జిల్లా కొల్లూరు మండలంలో ఒక లంక. కరకట్టకు ఏటి వైపున ఉంటాం. అరటి, కంద, పసుపు పండే నేల. బడి ఉంది, గుడి ఉంది, కిరాణా కొట్లు ఉన్నాయి. పుస్తకం కావాలంటే మాత్రం ఆటో ఎక్కాలి. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఒక పూట బయటికి వెళ్తే రెండు జాకెట్ల కూలి పోయినట్టే. అందుకే పెళ్ళయిన తర్వాత పుస్తకం కోసం నేను ఊరు దాటిన రోజు ఒక్కటీ లేదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయాక పదహారేళ్ళ పాటు నేను చదివినవి పిల్లల పాఠ్యపుస్తకాలు, పొట్లాలు కట్టి ఇచ్చే పాత పేపర్లు.

బండిని ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతోంది. పాత మినీ బస్సులో సీట్లు తీసేసి రెండు వైపులా అరలు కట్టారు. గతుకుల్లో పుస్తకాలు జారిపోకుండా అరలను కొద్దిగా వెనక్కి వాల్చి, ప్రతి అరకూ అడ్డంగా ఒక పట్టీ వేశారు. సుమారు వెయ్యి పుస్తకాలు ఉంటాయి. వెనక తలుపు తీసి మడత బల్ల దించితే దాని మీద నాలుగు ల్యాప్‌టాప్‌లు. పైన సౌర ఫలకం, యాంటెన్నా. సభ్యత్వానికి 50 రూపాయలు కట్టాలి, మానేస్తే తిరిగి ఇస్తారు. ఒకసారికి రెండు పుస్తకాలు. ఆలస్యమైతే జరిమానా లేదు. డ్రైవరు ఒకరు, పుస్తకాలు చూసే అమ్మాయి ఒకరు వస్తారు. మూడేళ్ళలో ఆ ఇద్దరూ మారలేదు. అందువల్ల ఎవరు ఏం చదువుతారో వాళ్ళకు తెలుసు.

మొదటి ఏడాది పుస్తకాలు నాకు నచ్చలేదు. విరాళంగా వచ్చినవే ఎక్కువ. పాతబడిన పోటీ పరీక్షల గైడ్లు, పట్నంలో ఎవరి ఇంట్లోనో చోటు చాలక ఇచ్చేసిన ఇంగ్లిషు నవలలు, వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు. తెలుగు కథలు, నవలలు అన్నీ కలిపి రెండు అరలు నిండలేదు. ఉన్నవాటిని నేను ఆరు నెలల్లో పూర్తి చేశాను. పుస్తకాలు దానం చేసేవారికి ఒక మాట చెప్పాలి. మీకు అక్కరలేనిది మాకూ అక్కరకు రాదు. మీరు ఇష్టంగా చదివి, మళ్ళీ చదవాలనిపించి దాచుకున్నది ఒక్కటి పంపండి, చాలు.

బండి తలుపుకు ఒక నోటుపుస్తకం వేలాడుతుంది. కావలసిన పుస్తకాల పేర్లు అందులో రాయాలి. నేను రాశాను, పక్కింటావిడతో రాయించాను, రాయడం రాని వాళ్ళ తరఫున నేనే రాశాను. రెండో ఏడాది నుంచి తేడా కనిపించింది. కథల సంపుటాలు, స్త్రీల ఆత్మకథలు, అరటి, పసుపు సాగు మీద చిన్న పుస్తకాలు వచ్చాయి. పుస్తకం వచ్చినప్పుడు నోటులో మా పేరు పక్కన టిక్కు పెట్టి, మాకోసం పక్కన ఉంచి తెస్తారు. నా పేరు పక్కన మొదటి టిక్కు చూసిన రోజు ఆ పుస్తకాన్ని ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక కట్ట మీదే కూర్చుని మొదలుపెట్టాను.

ఇంకా తీరని లోటు ఒకటి ఉంది. మా అత్తయ్య కూడబలుక్కుని చదువుతారు. పెద్ద అక్షరాలుంటేనే కళ్ళకు ఆనుతాయి. పెద్ద అక్షరాల పుస్తకాలన్నీ పిల్లలవే. పెద్దవాళ్ళ జీవితం గురించి, పెద్దవాళ్ళ కోసం, పెద్ద అక్షరాలతో అచ్చయినవి బండిలో నాలుగైదుకు మించి లేవు. పిల్లల బొమ్మల పుస్తకం అందరి ముందూ తీసుకోవడానికి అత్తయ్య మొహమాటపడేవారు. ఆ అమ్మాయి అది గమనించి ఒక గురువారం జానపద కథల పుస్తకం చేతికిచ్చి, "మామ్మగారూ, మనవడికి చదివి వినిపించండి, వాడికి నచ్చిందో లేదో వచ్చేసారి నాకు చెప్పాలి" అంది. ఆ రోజు నుంచి అత్తయ్య రాత్రి భోజనాలయ్యాక మా బాబుకు చదువుతున్నారు. మొదట్లో ఒక పేజీకి అరగంట పట్టేది. తప్పు చదివితే వాడు దిద్దేవాడు, ఆవిడ కోప్పడేవారు. ఇప్పుడు వాడు నిద్రపోయిన తర్వాత కూడా పుస్తకం మూయరు. ఈ ఒక్క సంగతికే నేను ఈ సేవకు ఎన్ని మార్కులైనా వేస్తాను.

ఇక ఇంటర్నెట్. మా లంకలో ఫోను సిగ్నలు అంతంతమాత్రం. కరకట్ట ఎత్తు మీద, బండి పైన యాంటెన్నాతో బాగానే అందుతుంది. నలుగురూ ఒకేసారి వీడియోలు పెడితే నత్తనడకే. అందుకని తెలుగు వికీపీడియాను, బడి పాఠాల వీడియోలను ముందే ఒక చిన్న పెట్టెలోకి ఎక్కించి తెచ్చారు. సిగ్నలు లేకపోయినా అవి తెరుచుకుంటాయి. మా బాబు అడిగే సగం ప్రశ్నలకు ఆ పెట్టె చాలు. మావారు అరటి ఆకుల మీద మచ్చలు చూసి కంగారుపడినప్పుడు బొమ్మలు పోల్చి చూసి సిగటోకా ఆకుమచ్చ తెగులని గుర్తుపట్టింది ఇక్కడే. తెగులు సోకిన ఆకులు కోసి తోట బయట కాల్చాలన్న కాగితం అచ్చు తీసి ఇచ్చారు. అచ్చుకు పేజీకి రెండు రూపాయలు.

ఇంటింటా ఫోను ఉంది కదా, ఇంకా ఇంటర్నెట్ బండి ఎందుకని మా ఊళ్ళోనే అడిగినవారున్నారు. ఇంటికి ఒక ఫోను ఉంటుంది. అది మగవాళ్ళ జేబులో ఉంటుంది. వాళ్ళు పొలం నుంచి వచ్చాక మగపిల్లల చేతికి వెళ్తుంది. ఆడపిల్ల అడిగితే ఎందుకని ప్రశ్న వస్తుంది. బండి దగ్గర అరగంట చొప్పున వరస ఉంటుంది, వరసలో తన పేరు ఉంటుంది, పదిమంది మధ్య బల్ల ముందు కూర్చుంటుంది కాబట్టి ఇంట్లో అభ్యంతరం చెప్పరు. మా పెద్దమ్మాయి ఈమెయిలు తెరుచుకున్నదీ, తన మార్కుల పత్రాలు డిజిలాకర్‌లో దాచుకున్నదీ ఆ అరగంటల్లోనే.

అయితే అత్యవసరమైన పనికి ఈ ఇంటర్నెట్‌ను నమ్ముకోకూడదు. నెలకు రెండుసార్లు వచ్చే బండికీ దరఖాస్తుల గడువులకూ పొంతన కుదరదు. మా అమ్మాయి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసినప్పుడు కాలేజీల వెబ్ ఆప్షన్లు పెట్టుకునే నాలుగు రోజుల్లో గురువారం ఉంది, కానీ అది మాది కాదు. ఆ సంగతి ముందే ఊహించి, అంతకు ముందరి గురువారం పుస్తకాల అమ్మాయి దాన్ని గంటసేపు కూర్చోబెట్టి, నిరుటి కాలేజీల జాబితా తెరిచి, ఏది ముందు పెట్టాలో, ఏది తర్వాతో కాగితం మీద రాయించింది. గడువు రోజున మా అమ్మాయి కరకట్ట ఎక్కి, వాళ్ళ నాన్న ఫోనులో తనంతట తానే పెట్టుకుంది. మావారు పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డారు. అందుకే, ఎవరికైనా పని చేసిపెట్టడం కన్నా ఇలా నేర్పించడం మీదే ఈ సేవ ఎక్కువ సమయం పెట్టాలని నా అభిప్రాయం. రద్దీ ఎక్కువైతే వాళ్ళే గబగబా కొట్టి పంపించేస్తారు. ఆ వారం ఎవరూ ఏమీ నేర్చుకోరు.

ఒక విషయంలో నాకు గట్టిగా కోపం వచ్చింది. మొదటి ఏడాది ఆ ల్యాప్‌టాప్‌లలో డౌన్‌లోడ్ల ఫోల్డరు తెరిస్తే ఊళ్ళో వాళ్ళ ఆధార్ ప్రతులు, బ్యాంకు పాస్‌బుక్కుల ఫొటోలు వరసగా కనిపించేవి. ఎవరూ తీసేసేవారు కాదు. కొందరైతే ఫోనే చేతికిచ్చి, "ఆ నంబరేదో వస్తుంది, నువ్వే చూసుకో బాబూ" అనేవారు. ఇది ప్రమాదమని నేను రెండుసార్లు నోటులో రాశాను, మూడోసారి నోటితోనే చెప్పాను. ఇప్పుడు యంత్రం ఆపి మళ్ళీ పెట్టగానే అన్నీ చెరిగిపోయేలా మార్చారు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న బోర్డు తలుపు మీద పెట్టారు. ఇలాంటి బండి మీ ఊరికి వస్తే మొదటి రోజే ఈ ప్రశ్న అడగండి.

మా ప్రాంతానికి పుస్తకాలు ప్రయాణమై రావడం కొత్త కాదు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. అంతకు నాలుగేళ్ళ ముందు తమిళనాట మన్నార్‌గుడిలో ఎడ్లబండి మీద పుస్తకాలు ఊరూరా తిరిగాయి. మా మామయ్య వాళ్ళ నాన్న పడవలో పుస్తకాలు వచ్చేవని చెబుతుండేవారట. మొదటిసారి బండి వచ్చిన రోజున మామయ్య కట్ట మీదికి వచ్చి, చదవడానికి ఏమీ తీసుకోకుండా అరలన్నీ ఒకసారి చేత్తో తడిమి వెళ్ళారు. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనందరం కడుతున్నాం. పుస్తకం ఊరికి రావడం ఎవరో చేసే ఉపకారమని నేను అనుకోను. ఈ సంస్థ మంచి పని చేస్తోంది, సందేహం లేదు. కానీ విరాళాలు ఆగిన రోజున మా గురువారం ఏమవుతుందన్న దిగులు నాకు ఎప్పుడూ ఉంటుంది.

2024 వరదలు చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. లంకలు మునిగాయి. సర్టిఫికెట్లు, బియ్యం, రెండు జతల బట్టలు పట్టుకుని బయటపడ్డాం. బండి పుస్తకాలు రెండూ కుట్టుమిషను మీద ఉండిపోయాయి. తిరిగి వచ్చేసరికి మిషను నిండా ఒండ్రు, పుస్తకాలు ఉబ్బి ముద్దయ్యాయి. తోట పోయినందుకు ఏడ్చిన ఇంట్లో పుస్తకాల కోసం బాధపడటం తప్పేమో అనిపించి ఎవరితోనూ అనలేదు. నాలుగు వారాల తర్వాత బండి వచ్చినప్పుడు ముద్ద పుస్తకాలు సంచిలో వేసుకుని, డబ్బు కట్టమంటారేమోనన్న భయంతో వెళ్ళాను. నాలాగే మరో పన్నెండు మంది సంచులతో నిలబడి ఉన్నారు. డబ్బు అడగలేదు. పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి నీడలో ఎలా ఆరబెట్టాలో చూపించారు. నావి రెండింటిలో ఒకటి దక్కింది. అంచులు మట్టి రంగుకు తిరిగిన ఆ పుస్తకం ఇప్పటికీ అరలో ఉంది, జనం తీసుకుంటూనే ఉన్నారు.

రోజు తప్పకపోవడం ఎందుకు ముఖ్యమో ఆ తర్వాతే నాకు అర్థమైంది. వరద తర్వాత డీజిలు ఖర్చు తగ్గించాలని మూడు నెలల పాటు నిర్ణీత రోజు తీసేశారు. వీలున్నప్పుడు వస్తాం, ముందు రోజు వాట్సాప్‌లో చెబుతాం అన్నారు. బండి దాదాపు అన్నిసార్లే వచ్చింది. మనుషులు మాత్రం సగానికి తగ్గారు. కుర్రవాళ్ళు ల్యాప్‌టాప్‌ల కోసం వచ్చేవారు. ఫోను చేతిలో లేని మా అత్తయ్య లాంటి వాళ్ళకు బండి వచ్చి వెళ్ళిన సంగతి మర్నాడు తెలిసేది. గురువారం ఉంటే నేను బుధవారం రాత్రే జాకెట్లు ముగించి పెట్టుకునేదాన్ని, మిగిలిన పేజీలు పూర్తి చేసేదాన్ని. రోజే లేకపోయేసరికి పుస్తకం తలగడ కింద ఉండిపోయింది. అందరం కలిసి నోటులో ఒకటే మాట రాశాం: ల్యాప్‌టాప్‌లు రెండు తగ్గించుకోండి, గురువారం మాకు ఇచ్చేయండి. ఇచ్చారు. డబ్బుకు ఇబ్బంది వస్తే ఏది ముందు తగ్గించాలని నన్ను ఇప్పుడు అడిగినా ఇదే చెబుతాను.

నేను తాజాగా నోటులో రాసింది పసుపు కాలం గురించి. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజుల్లో ఆడవాళ్ళం చీకటి పడేదాకా కళ్ళాల దగ్గరే ఉంటాం. బండి ఆరింటికి వెళ్ళిపోతుంది. ఆ రెండు నెలలు ఒక గంట ఆలస్యంగా వచ్చి ఏడు దాకా ఉండమని అడిగాను, బండిలో దీపం ఎలాగూ ఉంది. నా రాత కింద పద్నాలుగు సంతకాలున్నాయి, రెండు వేలిముద్రలు. టిక్కు ఇంకా పడలేదు.