ఆరేళ్లుగా కడుతున్న ఇంటి లోను: ఏది అక్కరకొచ్చింది, ఏది కాగితం మీదే ఉండిపోయింది

2019 డిసెంబరులో విజయవాడ పక్కన పోరంకిలో 36 లక్షలకు రెండు బెడ్‌రూముల ఫ్లాటు తీసుకున్నాం. మా ఇద్దరికీ అదే మొదటి సొంతిల్లు. లోను 28 లక్షలు, వడ్డీ 8.2 శాతం, గడువు ఇరవై ఏళ్లు, ఈఎంఐ 23,770. ఇల్లు నా పేరిట, లోనులో మా ఆయన కో-అప్లికెంట్. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకని అప్పట్లో ప్రభుత్వం రెండు ప్రయోజనాలు చూపించింది. ఒకటి ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద వడ్డీ సబ్సిడీ, రెండోది ఇంటి లోను వడ్డీకి పన్ను మినహాయింపు ఇస్తూ 2019 బడ్జెట్‌లో వచ్చిన 80ఈఈఏ సెక్షన్. ఆ రెండిటినీ నమ్ముకునే అడుగు వేశాం. ఆరేళ్లు కట్టాక ఏది ఎంత పనికొచ్చిందో లెక్కలతో సహా చెబుతున్నాను. ఇల్లు కొందామా వద్దా అని రాత్రుళ్లు కాగితాల మీద కూడికలు వేసుకుంటున్న వాళ్ల కోసం ఇది.

ముందు సబ్సిడీ సంగతి. మా ఇద్దరి జీతాలు కలిపి ఏడాదికి 11 లక్షలు. ఆరు నుంచి పన్నెండు లక్షల మధ్య ఆదాయం ఉంటే ఎంఐజీ-1 (మధ్యాదాయ వర్గంలో మొదటి శ్రేణి) కిందికి వచ్చేవారు. లోను ఎంత తీసుకున్నా అందులో 9 లక్షల వరకు 4 శాతం వడ్డీ ప్రభుత్వం భరించేది. ఇరవై ఏళ్లకు అయ్యే ఆ మొత్తాన్ని నేటి విలువకు లెక్కగట్టి ఒకేసారి మన అసల్లో జమ వేసేవారు. గరిష్ఠంగా 2,35,068 రూపాయలు. ఊళ్లో మా మామగారి పేరిట పెంకుటిల్లు ఉంది కాబట్టి మాకు రాదని మొదట భయపెట్టారు. అది తప్పు. ఈ పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. వీళ్లలో ఎవరి పేరిటా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, అంతే. అత్తమామల ఇల్లు లెక్కలోకి రాదు.

దరఖాస్తు జనవరిలో ఇచ్చాం. ఏప్రిల్ పోయింది, జులై పోయింది, ఆన్‌లైన్‌లో చూస్తే దరఖాస్తు మొదటి దశ దాటలేదు. లాక్‌డౌన్ వల్లనేమో అనుకుని ఊరుకున్నాను. ఆగస్టులో బ్రాంచికి వెళ్తే, కౌంటర్లో ఉన్న అబ్బాయి ఫైలు తెరిచి, నా ఆధార్ జిరాక్సునూ పాన్ జిరాక్సునూ పక్కపక్కన పెట్టి చూపించాడు. "మీ ఇంటిపేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది మేడమ్, అందుకే ఆగిపోయింది" అన్నాడు. ఆధార్‌లో పుట్టింటి పేరు, పాన్‌లో అత్తింటి పేరు. లోను ఇచ్చేటప్పుడు అడ్డురాని ఇంటిపేరు సబ్సిడీ దగ్గర అడ్డొచ్చింది. ఏడు నెలల్లో ఒక్క ఫోను చేసి చెప్పిన పాపాన పోలేదు. ఆధార్ మార్పించుకుని, మళ్లీ సంతకాలు పెట్టి ఇస్తే నవంబరులో డబ్బు పడింది. ఆడపిల్లలకు నేను మొదట చెప్పే మాట ఇదే: లోనుకు వెళ్లకముందే ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మూడింటిలోనూ ఇంటిపేరు ఒక్కటిగా ఉందో లేదో చూసుకోండి.

డబ్బు పడిన రోజు లోను స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క లైను నాలుగుసార్లు చదువుకున్నాను. 27 లక్షల పైచిలుకు ఉన్న అసలు 25 లక్షల లోపుకి దిగింది. సాధారణంగా గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తారు. మాకైతే నెలకు సుమారు 1,860 తగ్గేది. మేము మాత్రం ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమని లెటర్ రాసిచ్చాం. అప్పటి వడ్డీ ప్రకారం రెండేళ్లకు పైగా తగ్గింది. ఈ ఆరేళ్లలో మేం తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇదొకటి.

అయితే ఈ సబ్సిడీ ముందు పెట్టుబడికి పనికిరాదు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఫ్లాటుకు మా చేతి నుంచి 8 లక్షలు పెట్టాలి. దాని మీద ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే 2.70 లక్షలు. దీనికి బ్యాంకు లోను ఇవ్వదు. కేంద్రం నుంచి పది నెలల తర్వాత వచ్చింది 2.35 లక్షలైతే, రిజిస్ట్రార్ ఆఫీసులో మొదటి రోజే కట్టింది 2.70 లక్షలు. నా గాజులు, గొలుసు తాకట్టు పెట్టి ఆ డబ్బు కట్టాం. సబ్సిడీ వస్తుంది కదా, దానితో విడిపించుకోవచ్చని మా అమ్మతో చెప్పాను. కానీ ఆ డబ్బు మన చేతికి రాదు, నేరుగా లోను ఖాతాలో పడుతుంది. గాజులు విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది. ఫ్లాటు అప్పటికే పూర్తయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా వచ్చి ఉండటంతో జీఎస్టీ లేదు. అదొక్కటి కలిసొచ్చింది.

ఇక పన్ను మినహాయింపులు. 24(బి) కింద మనం ఉండే ఇంటికి ఏడాదికి 2 లక్షల వడ్డీ, 80సీ కింద (పీఎఫ్, ఎల్‌ఐసీలతో కలిపి లక్షన్నర వరకు) కట్టిన అసలు, 80ఈఈఏ కింద అదనంగా మరో లక్షన్నర వడ్డీ. మొత్తం మూడున్నర లక్షల వడ్డీకి మినహాయింపు అని ఆ రోజుల్లో ప్రతి బిల్డరూ బ్రోచర్లో అచ్చు వేశాడు. మా ఇంటి విలువ 45 లక్షల లోపు, లోను మంజూరు 2019 ఏప్రిల్ 1కి, 2022 మార్చి 31కి మధ్యలో, అంతకుముందు ఇల్లు లేదు. అర్హత అంతా ఉంది.

ఆరేళ్లలో నేను 80ఈఈఏ వాడుకున్నది ఒకే ఒక్క ఏడాది, అదీ 11 వేల చిల్లర. పన్నులో మిగిలింది 2,300 కూడా కాదు.

కారణం చిన్న లెక్కే. రెండు లక్షలు దాటిన వడ్డీకి మాత్రమే ఆ సెక్షన్ పనికొస్తుంది. మేం లోను తీసుకున్న కొద్ది నెలలకే రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, మా లోను వడ్డీ దాన్ని బట్టే మారుతుంది) 5.15 నుంచి 4 శాతానికి పడింది, మా వడ్డీ 7.05కి వచ్చింది. పైన సబ్సిడీ కూడా పడింది. దాంతో ఏడాది వడ్డీ రెండు లక్షల లోపే. మా సంగతి వదిలేయండి. సరిగ్గా 45 లక్షల ఇంటికి 80 శాతం లోను తీసుకున్నవాళ్లనే చూద్దాం. లోను 36 లక్షలు, 8.2 శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీ 2.92 లక్షలు. మూడున్నర లక్షలు వాళ్లకూ అందదు. అందని కొమ్మను చూపించి ఇల్లు అమ్మారని నాకు ఇప్పటికీ బాధే.

24(బి), 80సీ మాత్రం కొన్నేళ్లు నిజంగా ఆదుకున్నాయి. 2020-21లో నా జీతం 7.2 లక్షలు. లోను లేకుంటే స్టాండర్డ్ డిడక్షన్, పీఎఫ్, ఎల్‌ఐసీ అన్నీ పోను 29,640 పన్ను పడేది. లోనుతో సున్నా అయింది. కానీ అందులోనూ ఒక కిటుకుంది. 80సీ నిండాక నా ఆదాయం 5.2 లక్షలకు దిగింది. ఐదు లక్షల లోపు ఉంటే రిబేటుతో పన్ను ఎలాగూ లేదు. అంటే దాదాపు రెండు లక్షల వడ్డీలో నాకు నిజంగా పనికొచ్చింది ఇరవై వేలే. జీతం పెరిగాకే మిగతాది అక్కరకొచ్చింది. రిజిస్ట్రేషన్ ఖర్చు 2.70 లక్షలు కూడా 80సీలో చూపించొచ్చు, కట్టిన ఏడాది మాత్రమే. అప్పటికే పీఎఫ్, ఎల్‌ఐసీలతో 90 వేలు నిండిపోవడంతో మాకు పట్టింది 60 వేలు.

2025-26 నుంచి ఆ కథా ముగిసింది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు పన్ను లేదు. నా జీతం అందులోకే వస్తుంది. ఆ విధానంలో మనం ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు, 80సీ లేదు. మరో పద్నాలుగేళ్లు వస్తుందనుకున్న మినహాయింపు ఆరో ఏటే అక్కర్లేనిదైపోయింది. నాకు నష్టమేమీ లేదు, పన్నే లేదు కాబట్టి. అయినా "ట్యాక్స్ కలిసొస్తుంది కదా" అని పెద్ద లోనుకు వెళ్లేవాళ్లు ఈ ముక్క ఆలోచించుకోవాలి.

ఇన్ని సెక్షన్ల గురించి తల బద్దలు కొట్టుకున్న నేను, అసలు చూడాల్సింది రెండేళ్లు చూడలేదు. 2022 మార్చిలో మా లోను 2034 మధ్యలో తీరిపోతుందని ఉంది. ఆ మే నెల నుంచి రెపో పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. మా వడ్డీ 9.55. ఈఎంఐ మాత్రం పైసా కూడా మారలేదు, అందుకే ఏమీ అనిపించలేదు. 2023లో ఐటీ కోసం వడ్డీ సర్టిఫికెట్ తీస్తూ గడువు తేదీ చూశాను. 2037 నవంబరు అని ఉంది. మూడేళ్లకు పైగా పెరిగింది. స్టేట్‌మెంట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సబ్సిడీతో తగ్గిన రెండేళ్లూ పోయి, ఆ పైన మరో ఏడాది ఎక్కింది.

ఆ ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు ఆదేశమిచ్చింది: వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది కస్టమరుకే వదలాలని. అక్టోబరు నుంచి మేం ఈఎంఐ 27,000 చేయించుకున్నాం. నెలకు 3,230 ఎక్కువ. పిల్లవాడి స్కూలు ఫీజు నెలల్లో బాగా ఇబ్బంది పడ్డాం, అయినా మానలేదు.

మా తమ్ముడు ఇప్పుడు ఇల్లు చూస్తున్నాడు. మేం తీసుకున్న ఎంఐజీ సబ్సిడీ 2021 మార్చితోనే ఆగిపోయింది. 2024 సెప్టెంబరు నుంచి వచ్చిన ఆవాస్ యోజన 2.0లో ఆదాయం 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు ఉండాలి. మొదటి 8 లక్షలకు 4 శాతం, మొత్తం 1.80 లక్షల వరకు, ఐదు వార్షిక వాయిదాల్లో ఇస్తారు. వాడికి నేను చెప్పింది ఒక్కటే: వస్తే అసల్లో వేయించుకో, బడ్జెట్‌లో మాత్రం సున్నా అని రాసుకో. పెట్టుబడికి, రిజిస్ట్రేషన్‌కి చేతిలో డబ్బుంటేనే అడ్వాన్సు ఇవ్వు. బ్యాంకువాళ్లు లోనుతో కలిపి అంటగట్టే ఇన్సూరెన్స్ వద్దని చెప్పు, విడిగా టర్మ్ పాలసీ తీసుకో. మేం అదే చేశాం.

2025లో రెపో నాలుగుసార్లు తగ్గి 5.25కి వచ్చింది. మా వడ్డీ ఇప్పుడు 8.30. ఈఎంఐ తగ్గించమంటారా అని బ్యాంకు మెసేజ్ పెట్టింది. వద్దని రాసిచ్చాను. అసలు 19 లక్షల దగ్గరుంది. మొన్న స్టేట్‌మెంట్ తీస్తే గడువు మళ్లీ 2034 మొదటికి వచ్చింది.