బలం, చలనం, శక్తి పదాల కార్డుల డబ్బా: బడిలో నెల రోజులు వాడి చూశాక

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి ఒక పుస్తకాల దుకాణంలో 280 రూపాయలు పెట్టి ఈ డబ్బా కొన్నాను. భౌతికశాస్త్రంలో బలం, చలనం, శక్తి పాఠాల్లో వచ్చే పదాలు ఇందులో 96 కార్డుల మీద ఉన్నాయి. ఒక వైపు ఇంగ్లిష్ పదం, రెండో వైపు తెలుగు మాట, నిర్వచనం, ప్రమాణం, చిన్న బొమ్మ. అట్ట మందంగా ఉంది. నలభై మంది పిల్లల చేతులు మారినా అంచులు నలగలేదు.

నేను సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెప్తాను. పాఠం ఇంగ్లిష్‌లో సాగినా, అర్థం తెలుగులో కుదిరితేనే పిల్లల మొహాలు విప్పారుతాయి. అయితే మన ఇళ్లల్లో ఎద్దు బలానికైనా, మోటరు జోరుకైనా, మనిషి ఓపికకైనా 'తాకత్' అన్న ఒక్క మాటతోనే పని జరిగిపోతుంది. శాస్త్రంలో మాత్రం బలం (ఫోర్స్) వేరు, శక్తి (ఎనర్జీ) వేరు, సామర్థ్యం (పవర్, అంటే శక్తి వాడే రేటు) వేరు. ఈ మూడింటినీ విడదీసి చెప్పడంలోనే ఈ డబ్బా తన ధరకు న్యాయం చేసింది.

ముఖ్యంగా సామర్థ్యం కార్డు నాకు బాగా నచ్చింది. వ్యవసాయ బావి దగ్గరి 5 హెచ్‌పీ మోటరు బొమ్మ వేసి, ఒక హెచ్‌పీ అంటే సుమారు 746 వాట్లు గనుక ఆ మోటరు సామర్థ్యం 3,730 వాట్లని లెక్క చూపారు. దానికి ఆనించి నేను ఇంకొక మెట్టు ఎక్కించాను: అదే మోటరు గంటసేపు పూర్తి సామర్థ్యంతో నడిస్తే, నష్టాలు పక్కనపెడితే, ఖర్చయ్యే కరెంటు 3.73 యూనిట్లు, ఒక్కో యూనిట్ 36 లక్షల జౌళ్ల శక్తి. సామర్థ్యానికి వాట్లు, శక్తికి జౌళ్లు ఎందుకో అడగకుండానే పిల్లలకు అర్థమైంది.

వడి (స్పీడ్), వేగం (వెలాసిటీ, అంటే దిశతో కూడిన వడి) కార్డులకు ఇచ్చిన రైలు ఉదాహరణ చప్పగా ఉంది. దాన్ని పక్కనపెట్టి, గడియారం సెంటర్ చుట్టూ ఒక ఆటో పూర్తి చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చిందనుకోమన్నాను. ఆటో దూరం ప్రయాణించింది కాబట్టి సగటు వడి ఉంది, స్థానభ్రంశం (బయలుదేరిన చోటికీ చేరిన చోటికీ మధ్య ఎడం) సున్నా కాబట్టి సగటు వేగం సున్నా. కిరాయి మాత్రం ఆటోవాడు వడి లెక్కనే అడుగుతాడని వెనక బెంచీ నుంచి ఒక పిల్లాడి మాట వినిపించింది. కిరాయి దూరాన్ని బట్టి ఉంటుందని సరిదిద్దాను గానీ, వాడికి అసలు విషయం అందినట్టే.

స్థితిజ శక్తి కార్డు మీద నాగార్జునసాగర్ ఆనకట్ట బొమ్మ ఉంది. ఎత్తున నిలిచిన నీటి స్థితిజ శక్తి, కిందికి దూకేటప్పుడు గతిజ శక్తిగా మారి టర్బైన్లను తిప్పుతుందన్న వివరణ సరిగ్గానే ఉంది. అక్కడి ఎనిమిది విద్యుదుత్పత్తి యంత్రాల్లో ఏడు రివర్సిబుల్, అంటే కరెంటు వాడి నీటిని తిరిగి పైకి తోడగలిగేవి. ఆ ఒక్క మాట చేర్చి ఉంటే శక్తి రూపం ఎటువైపైనా మారగలదని తేలిగ్గా తెలిసేది.

ఇక లోపాలు. భారం కార్డు మీద ప్రమాణం కిలోగ్రాము అని అచ్చయింది. ఇది చిన్న పొరపాటు కాదు, ద్రవ్యరాశికీ భారానికీ తేడా చెప్పవలసిన కార్డే ఆ తేడాను చెరిపేసింది. "సార్, బత్తాయి సంచి తూకమేస్తే కిలోలే కదా వచ్చేది?" అని ఒక అమ్మాయి అడిగింది. కాంటా చూపే 50 కిలోలు ద్రవ్యరాశి అని, భూమి ఆ సంచిని లాగే బలం సుమారు 490 న్యూటన్లని, అదే భారమని బోర్డు మీద రాసి చూపవలసి వచ్చింది. త్వరణం (వేగం మారే రేటు) కార్డులో 'మీటర్/సెకను' అన్నచోట సెకను మీది వర్గం గుర్తు ఎగిరిపోయి, త్వరణానికి వేగం ప్రమాణం అంటుకుంది. కప్పీ కార్డులో మనం బావి దగ్గర వాడే 'గిరక' అన్న మాట లేకపోవడం తప్పు కాకపోయినా వెలితే. బొమ్మ చూడగానే పిల్లలందరూ గిరక అనే అరిచారు.

తప్పులు చూపించి మార్చమంటే, సీలు తీసిన డబ్బా వాపసు తీసుకోనని దుకాణదారు అన్నాడు. ముద్రించినవారి ఫోన్ నంబరు డబ్బా మీద ఎక్కడా లేదు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఇది పనికొస్తుంది, ఇంట్లో చెప్పేవారు ఉంటేనే. పిల్లల చేతికిచ్చే ముందు భారం, త్వరణం కార్డులు పెన్నుతో దిద్ది ఇవ్వండి. మా తరగతి డబ్బాలో ఆ రెండింటి మీద ఎర్ర సిరా ఉంది, కప్పీ కింద 'గిరక' అని పిల్లలే రాసుకున్నారు.